విశాఖలో ఫ్లాటు అద్దెకు తీసుకుని రోజువారీ అద్దెకు ఇవ్వాలంటే: ఓనరుతో ఒప్పందం రాసుకునే పద్ధతి

రుషికొండ, సాగర్ నగర్, లాసన్స్ బే కాలనీ, ఎంవీపీ కాలనీ వైపు ఫ్లాటును నెలవారీ అద్దెకు తీసుకుని, ఏసీలూ మంచాలూ వేసి, టూరిస్టులకు రోజుల లెక్కన ఇచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది జిరాక్స్ షాపులో దొరికే మామూలు అద్దె ఒప్పందమే. అందులో దాదాపు ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది: “సదరు ఇంటిని నివాసమునకు మాత్రమే వాడుకొనవలెను, ఇతరులకు సబ్‌లీజుకు ఇవ్వరాదు.” దాని మీద సంతకం పెట్టి మొదటి అతిథికి తాళం ఇచ్చారంటే, ఆ రోజే ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టు. “ఇచ్చుకోండి బాబూ, నాకేం అభ్యంతరం లేదు” అని ఓనరు నోటితో అన్న మాట తర్వాత పనికిరాదు. ఆయన మనసు మారవచ్చు, ఇల్లు అమ్మవచ్చు, ఆయన తర్వాత వ్యవహారం పిల్లల చేతికి రావచ్చు.

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే అద్దెదారు సబ్‌లీజుకు ఇవ్వవచ్చు. దీన్ని చూసి ధైర్యపడకండి. అదే సెక్షన్, ఇంటిని ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే వాడాలని కూడా చెబుతోంది. మన రాష్ట్ర అద్దె చట్టం కూడా, 1960 నాటి నుంచీ, ఓనరు రాతపూర్వక అనుమతి లేని సబ్‌లీజును ఖాళీ చేయించడానికి కారణంగానే చూసింది. కాబట్టి సబ్‌లీజుకు అనుమతి, వ్యాపారంగా వాడుకోవడానికి అనుమతి, రెండూ కాగితం మీదే ఉండాలి.

రాయడానికి ముందు చూసుకోవాల్సినవి

ముందు ఓనరు ఎవరో తేల్చుకోండి. ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదు, దస్తావేజు నకలు, ఈ మూడింటిలో పేరు ఒకటే ఉండాలి. అన్నదమ్ముల పేరు మీద ఉమ్మడిగా ఉంటే అందరూ సంతకం చేయాలి. విశాఖలో చాలా ఫ్లాట్ల ఓనర్లు విదేశాల్లో ఉంటారు, ఇక్కడ వాళ్ల తమ్ముడో బావమరిదో వ్యవహారం చూస్తుంటారు. ఆయన దగ్గర ఉన్న జీపీఏ (ఓనరు తరఫున వ్యవహరించడానికి ఇచ్చిన అధికార పత్రం) తీసుకుని పూర్తిగా చదవండి. లీజుకు ఇచ్చే అధికారం, ఆ లీజును రిజిస్టర్ చేయించే అధికారం, రెండూ అందులో మాటల్లో రాసి ఉండాలి. విదేశంలో రాసిన జీపీఏ మన దేశానికి చేరిన 3 నెలల్లోపు దానికి ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి ఉండాలి. చాలా జీపీఏలు ఇక్కడే ఆగిపోతాయి.

ఫ్లాటు మీద హోమ్ లోన్ ఉంటే లోన్ ఒప్పందంలో లీజు గురించి ఏముందో అడగండి. చాలా బ్యాంకులు తమ అనుమతి లేకుండా అద్దెకు ఇవ్వకూడదని రాయించుకుంటాయి. ఈ సంగతి పట్టించుకోకపోతే, వాయిదాలు తప్పి బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకునే రోజున మీ లీజు బ్యాంకును ఆపలేదు.

తర్వాత అపార్ట్‌మెంట్ ఓనర్ల అసోసియేషన్. దీన్ని తేలిగ్గా తీసుకున్నవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. ఓనరు ఒప్పుకున్నా, బైలాల్లో (అసోసియేషన్ నియమాల్లో) రోజువారీ అద్దెలు నిషేధమని ఉంటే వాచ్‌మన్ గేటు దగ్గరే అతిథిని ఆపేస్తాడు, లిఫ్ట్ కార్డు ఇవ్వడు. బైలాల కాపీ అడిగి తీసుకోండి. నిషేధం లేకపోతే అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రాయించుకోండి. అందులో ఫ్లాటు నంబరు, ఒకేసారి గరిష్ఠంగా ఎంతమంది అతిథులు, ఏ పార్కింగ్ స్లాటు, స్విమ్మింగ్ పూల్, టెర్రస్ వాడుకోవచ్చా లేదా అన్నవి స్పష్టంగా ఉండాలి. ఆ ఎన్‌ఓసీని ఒప్పందానికి అనుబంధంగా జతచేయండి.

11 నెలల చిట్కా ఇక్కడ పనిచేయదు

11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట ఊరంతా వినిపిస్తుంది. కేంద్ర చట్టం మాత్రమే చూస్తే అది నిజం. ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కానీ ఆ రిజిస్ట్రేషన్ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసుకున్న సవరణ 1999 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఇక్కడ స్థిరాస్తి లీజు ఎంత కాలానిదైనా రిజిస్టర్ చేయించాల్సిందే.

100 రూపాయల స్టాంపు కాగితం మీద రాసి నోటరీ ముద్ర వేయించినంత మాత్రాన రిజిస్ట్రేషన్ అయినట్టు కాదు. రిజిస్టర్ కాని లీజులోని షరతులను కోర్టులో రుజువుగా చూపలేరు. మహా అయితే మీరు ఆ ఇంట్లో ఏ హోదాలో ఉన్నారో చూపడానికి పనికొస్తుంది. మీరు శ్రమపడి రాయించుకున్న సబ్‌లీజు అనుమతి, లాక్-ఇన్ (మధ్యలో వదులుకోకూడని కాలం), నోటీసు గడువు అన్నీ గాలికి పోతాయి. పైగా స్టాంపు డ్యూటీ తక్కువ కట్టిన కాగితాన్ని కోర్టు ముందు పెడితే, లోటుతో పాటు దానికి 10 రెట్ల వరకు జరిమానా పడవచ్చు. సోఫాలు, ఏసీల మీద లక్షలు పెట్టేవాళ్లు ఈ ఖర్చు దగ్గర వెనకాడడం సరికాదు.

ఒప్పందంలోని షరతులు

షెడ్యూలుతో మొదలుపెట్టండి. డోర్ నంబరు, వార్డు, సర్వే లేదా టీఎస్ (టౌన్ సర్వే) నంబరు, నాలుగు హద్దులు, ఫ్లాటు ప్లింత్ ఏరియా, పార్కింగ్ స్లాటు నంబరు, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) అసెస్‌మెంట్ నంబరు, కరెంటు సర్వీస్ నంబరు. పార్కింగ్ స్లాటు మరచిపోతే, కారులో వచ్చిన అతిథి రాత్రి 11 గంటలకు ఎక్కడ బండి పెట్టాలన్నది మీ తలనొప్పి అవుతుంది.

తర్వాత వచ్చేది అసలు షరతు. దీన్ని ఇలా రాయవచ్చు (1వ పార్టీ ఓనరు, 2వ పార్టీ మీరు):

“షెడ్యూలు ఆస్తిని 2వ పార్టీ వారు పర్యాటకులకు, ఇతర అతిథులకు రోజువారీ లెక్కన స్వల్పకాల బసకు ఇచ్చుకొనుటకును, ఆ నిమిత్తము సదరు అతిథులతో లైసెన్సు లేక ఉప-అద్దె ఒప్పందములు చేసుకొనుటకును, ఆన్‌లైన్ వేదికలలో సదరు ఆస్తి ఫొటోలు, వివరములు ఉంచి ప్రకటించుకొనుటకును 1వ పార్టీ వారు ఇందుమూలముగా సమ్మతించినారు. ఏ ఒక్క అతిథికీ ఒక విడతలో 28 రోజులకు మించి బస ఇవ్వరాదు. ఒక్కసారికి 6 గురికి మించి ఉంచరాదు. పూర్తి లీజు హక్కును మూడవ వ్యక్తికి బదిలీ చేయుటకు ఈ సమ్మతి వర్తించదు.”

లైసెన్సు (ఉండటానికి అనుమతి మాత్రమే), ఉప-అద్దె (సబ్‌లీజు) అని రెండు మాటలూ రాయడానికి కారణం ఉంది. రేపు ఎవరైనా “ఇది సబ్‌లీజు కాదు, లాడ్జింగు” అనో, “లైసెన్సు కాదు, సబ్‌లీజు” అనో వాదించినా ఓనరు అనుమతి రెండింటికీ సరిపోతుంది. 28 రోజుల పరిమితి ఓనరు కోసం. నెలల తరబడి ఉండిపోయిన మనిషి అతిథి కాదు, అద్దెదారు అని చెప్పుకునే అవకాశం దాంతో బాగా తగ్గుతుంది. చివరి వాక్యం కూడా ఓనరు కోసమే. మీరు ఇల్లు మొత్తాన్ని ఇంకో ఆపరేటరుకు అప్పగించి తప్పుకోరన్న భరోసా అది. ఈ మూడూ ఉంటే జంకే ఓనరు కూడా ఒప్పుకుంటాడు.

కాలం, నోటీసు: ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకు చట్టం ఇచ్చే నోటీసు 15 రోజులే. ఈ వ్యాపారానికి అది చాలదు. నవంబరు నుంచి జనవరి వరకు, అరకు చలికాలం సీజన్‌లో, బుకింగులు రెండు మూడు నెలల ముందే వచ్చేస్తాయి. 36 నెలల లీజు, మొదటి 12 నెలలు ఇద్దరికీ లాక్-ఇన్, ఆ తర్వాత ఎవరు వదులుకున్నా 90 రోజుల నోటీసు అన్నది న్యాయమైన అమరిక. లాక్-ఇన్ ఒక్క అద్దెదారుకే వర్తించేలా రాస్తే ఒప్పుకోకండి, ఫర్నిచర్ మీద పెట్టుబడి పెట్టింది మీరు. నోటీసు 90 రోజులైతే ఆన్‌లైన్ క్యాలెండరును కూడా 90 రోజులకు మించి తెరవకండి. నోటీసు వచ్చిన రోజుకు చేతిలో ఉన్న బుకింగులన్నీ గడువు లోపలే పూర్తవుతాయి, ఎవరికీ రద్దు చేసి డబ్బు తిప్పి ఇవ్వాల్సిన పని ఉండదు. ఇల్లు అమ్మితే కొన్నవారు ఈ లీజుకు కట్టుబడాలన్న వాక్యం కూడా చేర్చండి.

ఒప్పందం ఉల్లంఘన వల్ల అసలు లీజు రద్దయితే దాని కింద ఇచ్చిన ఉప-అద్దెలు కూడా దాంతోనే పోతాయి. అందుకని రద్దుకు ముందు “30 రోజులలో లోపమును సరిదిద్దుకొనమని రాతపూర్వక నోటీసు ఇవ్వవలెను” అన్న మాట అడిగి పెట్టించుకోండి.

అద్దె రెండు రకాలుగా కుదురుతుంది. ఒకటి స్థిరమైన నెల అద్దె. రెండోది కనీస హామీ అద్దె, దాని మీద వసూళ్లలో వాటా. వాటా పద్ధతిలో గొడవలన్నీ “వసూళ్లు” అంటే ఏమిటన్న దగ్గరే పుడతాయి. ఉదాహరణకు 3 రాత్రులు, రాత్రికి 2,500 చొప్పున 7,500 రూపాయల బుకింగ్ అనుకోండి. ఆన్‌లైన్ వేదిక (బుకింగ్ సైట్) కమీషన్ 15 శాతం అనుకుంటే 1,125 పోతుంది. ఓనరు వాటా 30 శాతమైతే మొత్తం మీద లెక్కిస్తే 2,250, కమీషన్ పోగా మిగిలిన 6,375 మీద లెక్కిస్తే 1,912.50. ఒక్క బుకింగులోనే 337.50 రూపాయల తేడా. అందుకే “నికర వసూళ్లు అనగా అతిథి చెల్లించిన బస మొత్తము నుండి వేదిక కమీషను, జీఎస్టీ, క్లీనింగ్ రుసుము, తిరిగి చెల్లించిన మొత్తములు తీసివేయగా మిగిలినది” అని నిర్వచించండి. ప్రతి నెలా 7వ తేదీకి వేదిక ఇచ్చే స్టేట్‌మెంట్ పంపాలని రాయండి. ఇది భాగస్వామ్యం కాదని కూడా ఒక వాక్యం ఉండాలి, లేకపోతే నష్టాల్లోనూ వాటా ఉందని ఎవరో ఒకరు వాదిస్తారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు స్థిరమైన అద్దే మేలని మా అభిప్రాయం.

అడ్వాన్సు ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, దేనికి మాత్రమే కోత వేయవచ్చు అన్నవి రాయండి. అతిథులు చేసిన నష్టం కూడా అద్దెదారుదే అని ఓనరు రాయించుకుంటాడు, అది న్యాయమే. “సహజ అరుగుదల మినహా” అన్న మాట మాత్రం పడాలి.

రిపేర్లు, సముద్రపు గాలి

వైజాగ్‌లో ఈ షరతును వేరే ఊళ్ల నమూనా చూసి రాయకూడదు. సముద్రానికి ఎదురుగా బాల్కనీలో బిగించిన ఏసీ ఔట్‌డోర్ యూనిట్‌ను దగ్గరగా చూడండి. వెనకవైపు రేకుల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది, వేలు తగిలితే రేకులు పొడిపొడిగా రాలతాయి, బ్రాకెట్ బోల్టులు తుప్పుపట్టి స్పానరుకు కదలవు. కాయిల్‌కు చిల్లు పడి గ్యాస్ పోతుంది. మెకానిక్ గ్యాస్ నింపి వెళ్తాడు, కొన్నాళ్లకు మళ్లీ పోతుంది. ఇది అతిథి వాడకం వల్ల వచ్చిన నష్టమా, సహజ అరుగుదలా? ముందే తేల్చి రాయకపోతే ప్రతిసారీ తగాదాయే. కిటికీ గ్రిల్స్, తలుపు తాళాలు, గీజర్లదీ అదే కథ. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట గీజర్ ఎలిమెంట్ త్వరగా పోతుంది.

ఒక విడతకు 2,000 రూపాయల లోపు రిపేరు అద్దెదారుది. అంతకు మించిన రిపేర్లు, స్లాబ్ లీకేజీ, గోడల్లోని పైపులు, వైరింగ్, ఓనరు ఇచ్చిన ఏసీల తుప్పు ఓనరువి. వాట్సాప్‌లో ఫొటోతో తెలియజేసిన 48 గంటల్లో ఓనరు స్పందించకపోతే అద్దెదారు చేయించి బిల్లుతో అద్దెలో మినహాయించుకోవచ్చు. ఇలా అంకెలతో రాయండి. అతిథి లోపల ఉండగా ఏసీ ఆగిపోతే ఓనరు ఫోన్ ఎత్తేదాకా ఆగలేరు.

తుఫాను షరతు కూడా ఇక్కడ ఉత్త లాంఛనం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు అద్దాలు పగిలి, కరెంటు, నీళ్లు రోజుల తరబడి లేవు. చట్టం ప్రకారం ఇల్లు శాశ్వతంగా పనికిరాకుండా పోతేనే అద్దెదారు లీజు వదులుకోవచ్చు. తాత్కాలిక నష్టానికి అద్దె మాఫీ దానంతట అది రాదు. “తుఫాను, వరద, ప్రభుత్వ ఆంక్షల వలన ఆస్తి బసకు వీలుపడని దినములకు అద్దె చెల్లించనవసరము లేదు, అట్టి స్థితి 60 దినములకు మించిన యెడల ఏ పార్టీ అయినను లీజును రద్దు చేసుకొనవచ్చును” అని రాయించుకోండి. భవనానికి బీమా ఓనరు, లోపలి సామానుకూ అతిథుల ప్రమాదాలకూ అద్దెదారు తీసుకోవాలి. మామూలు గృహ బీమా వ్యాపార వాడకాన్ని కవర్ చేయకపోవచ్చు కాబట్టి ప్రపోజల్ ఫారంలో వాడకం ఏమిటో దాచకుండా చెప్పండి.

బిల్లులు, పన్నులు ఎవరివి

కరెంటు కనెక్షన్ గృహ కేటగిరీలో ఉంచి వ్యాపారానికి వాడితే, విద్యుత్ చట్టం, 2003లోని 126వ సెక్షన్ కింద అది అనధికార వాడకం. రెట్టింపు టారిఫ్‌తో, ఎప్పటి నుంచి జరిగిందో తేలకపోతే 12 నెలల దాకా వెనక్కి వెళ్లి లెక్క కడతారు. కేటగిరీ మార్పు దరఖాస్తు మీద సంతకం సర్వీస్ ఎవరి పేరున ఉందో వారిదే, అంటే ఓనరుది. “15 రోజుల్లో సంతకం చేసి ఇవ్వవలెను, ఖర్చు 2వ పార్టీది” అని పెట్టండి. జీవీఎంసీ ఇంటి పన్ను నివాసేతర రేటుకు మారితే ఆ తేడా ఎవరిదో, ట్రేడ్ లైసెన్సు ఎవరి పేరున తీసుకోవాలో కూడా అక్కడే రాయండి. నెలవారీ మెయింటెనెన్స్, ట్యాంకర్ నీళ్లు అద్దెదారువి.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపు కోసం ఓనరు కుటుంబం అదే ఇంట్లో ఉండాలి. అద్దెకు తీసుకుని నడిపే ఖాళీ ఫ్లాటుకు అది సరిపోదు. ఆ గుర్తింపు వస్తుందని ఒప్పందంలో హామీ ఇవ్వకండి.

జీఎస్టీలో ఒక గుంత ఉంది. సేవల టర్నోవరు ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న బసకు 5 శాతం, ఇన్‌పుట్ క్రెడిట్ (మీరు కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీని తగ్గించుకునే వీలు) లేదు. ఆపైన 18 శాతం. మీరు రిజిస్టర్ కాకపోతే, ఆన్‌లైన్ వేదిక ద్వారా వచ్చిన బుకింగులపై పన్ను ఆ వేదికే కడుతుంది. రిజిస్టర్ అయ్యాక మాత్రం, ఓనరుకు మీరు కట్టే ఇంటి అద్దె మీద 18 శాతం జీఎస్టీ రివర్స్ ఛార్జ్ (సేవ ఇచ్చేవారి బదులు తీసుకునేవారే పన్ను కట్టే పద్ధతి) కింద మీరే కట్టాలి. నెలకు 30,000 అద్దె అయితే అది 5,400. 5 శాతం బసకు క్రెడిట్ లేదు గనక ఇదంతా మీ ఖర్చే. అద్దె బేరం కుదుర్చుకునే రోజునే ఈ 5,400 లెక్కలో ఉండాలి.

టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) సంగతి: నెల అద్దె 50,000 దాటితే, ఆడిట్ పరిధిలో లేని వ్యక్తి 2 శాతం, ఆడిట్ ఉన్నవారు, కంపెనీలు 10 శాతం కోసి జమచేయాలి. ఓనరు ఎన్‌ఆర్‌ఐ అయితే ఈ పరిమితి వర్తించదు, మొదటి రూపాయి నుంచే సెస్‌తో కలిపి 31.2 శాతం కోయాలి. తక్కువ కోయడానికి ఓనరు ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. కోయకుండా పూర్తి అద్దె పంపేస్తే ఆ పన్ను భారం మీ మీదికే వస్తుంది. “చట్టప్రకారము టీడీఎస్ మినహాయించి చెల్లించిన అద్దె పూర్తి చెల్లింపుగా పరిగణించబడును” అన్న వాక్యం తప్పనిసరి.

అతిథితో రాసుకునేది

అతిథికి లీజు ఇవ్వకండి, లైసెన్సు ఇవ్వండి. అంటే ఇంట్లో ఉండటానికి అనుమతే తప్ప ఇంటి మీద హక్కు కాదు. పైన “లైసెన్సు” అని పేరు పెట్టినంత మాత్రాన సరిపోదని సుప్రీంకోర్టు 1959లోనే అసోసియేటెడ్ హోటల్స్ కేసులో చెప్పింది. ఆస్తిలో ఏ హక్కు ఇచ్చారన్నది చూస్తారు. కాబట్టి రెండో తాళం మీ దగ్గరే ఉంటుందని, క్లీనింగ్ సిబ్బంది లోపలికి వస్తారని, అద్దె రోజు లెక్కన అని, చెక్-అవుట్ 11 గంటలకని, ఆ తర్వాత ఉండటానికి హక్కు లేదని ఒక పేజీలో తెలుగు, హిందీ, ఇంగ్లిషుల్లో రాసి సంతకం తీసుకోండి. అతిథుల సంఖ్య, పార్కింగ్ స్లాటు, రాత్రి 10 తర్వాత శబ్దం, బీచ్ ఇసుక కాళ్లతో లిఫ్ట్ ఎక్కకుండా కింద కుళాయి దగ్గర కడుక్కోవాలన్న నియమం కూడా అందులో పడాలి. అసోసియేషన్ ఫిర్యాదుల్లో ఇసుకది పెద్ద పాలు.

ప్రతి పెద్దవారి గుర్తింపు కార్డు చూసి రిజిస్టరులో రాయండి. ఆధార్ ఇస్తే మాస్క్‌డ్ కాపీ (చివరి 4 అంకెలే కనిపించేది) చాలు. విదేశీయులు వస్తే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వాలి, ఫారం-సి అని అందరూ పిలిచేది ఇదే. ఈ బాధ్యత పూర్తిగా అద్దెదారుదేనని ఓనరుతో రాసుకునే ఒప్పందంలో ఉంటే, పోలీసులు అడిగినప్పుడు ఓనరుకు ఇబ్బంది ఉండదు.

రిజిస్ట్రేషన్, అప్పగింత

చిత్తుప్రతిని దస్తావేజు లేఖరి దగ్గరికి తీసుకెళ్లే ముందు న్యాయవాదికి చూపించండి. లేఖరి తన పాత నమూనాలోని “సబ్‌లీజుకు ఇవ్వరాదు” వాక్యాన్ని అలవాటుగా చివర్లో అతికించే ప్రమాదం ఉంది. మీ అనుమతి షరతు 4వ పేరాలో, నిషేధం 14వ పేరాలో ఉంటే రెండూ కొట్టుకుంటాయి. చివరి ప్రింటు ప్రతి పేజీ చదివాకే సంతకం పెట్టండి.

స్టాంపు డ్యూటీ అద్దె, కాలం, వాడకాన్ని బట్టి మారుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే లెక్క వేయించుకోండి. వాడకం కాలమ్‌లో నివాసం అని రాయించి డ్యూటీ తగ్గించుకోవద్దు, లోపల మీరే వ్యాపార అనుమతి రాసుకున్నారు. ఇద్దరి ఆధార్, పాన్, ఫొటోలు, ఇద్దరు సాక్షులు, జీపీఏ ఉంటే దాని అసలు ప్రతి తీసుకెళ్లాలి. సంతకాలైన 4 నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి.

తాళాలు తీసుకునే రోజున ఓనరు లేదా ఆయన మనిషి పక్కన ఉండగా కరెంటు మీటరు రీడింగ్, ఏసీలు, గీజర్లు, ఫ్రిజ్ సీరియల్ నంబర్లు, గ్రిల్స్, బాత్రూమ్ ఫిట్టింగుల ఫొటోలు తీసి, సామాను జాబితా మీద ఇద్దరూ సంతకం పెట్టండి. ఔట్‌డోర్ యూనిట్ రేకులను విడిగా దగ్గర నుంచి ఫొటో తీయండి. ఆ జాబితా, అసోసియేషన్ ఎన్‌ఓసీ, రిజిస్టర్డ్ లీజు, ఈ మూడూ చేతికి వచ్చాకే ఆన్‌లైన్‌లో క్యాలెండరు తెరవండి.